కరీంనగర్ మీదుగా వెళ్లిన కాస్మోస్ 2143

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఫోన్‌లో ఉపగ్రహాల జాడ చూపే యాప్ తెరిస్తే 'కాస్మోస్ 2143' అనే పేరుతో ఒక చుక్క కరీంనగర్ మీదుగా సాగిపోతూ కనిపించింది, వివరాలు చూస్తే 1991లో సోవియట్ యూనియన్ ప్రయోగించిన సైనిక సమాచార ఉపగ్రహమని ఉంది, ఆ దేశమే లేకుండా పోయి ఇన్నేళ్లయ్యాక అది ఇంకా పైన ఎలా ఉంది, పనిచేస్తోందా, ఎప్పటికైనా మన నెత్తిన పడుతుందా, ఆలోపు ఎవరైనా దించలేరా, దాన్ని కంటితో చూడవచ్చా అన్నవి మీ సందేహాలు. కక్ష్యల లెక్కలతో చాలా ఏళ్లు కుస్తీ పట్టినవాడిని కనుక కాస్త విపులంగానే రాస్తున్నాను. ముందుగా మీ మనసు కుదుటపడే మాట చెబుతాను. అది పనిచేయడం లేదు; మన జీవితకాలంలో గానీ, మన మునిమనవళ్ల జీవితకాలంలో గానీ కింద పడదు. పడకపోవడం మంచిదే కదా అని మీరు అనుకోవచ్చు, కానీ ఈ ఉపగ్రహం విషయంలో ఉన్న చిక్కంతా అది పడకపోవడంలోనే ఉంది.

మొదట పేరు సంగతి చూద్దాం. 'కాస్మోస్' అనేది ఒక రకం ఉపగ్రహానికి పెట్టిన పేరు కాదు. 1962 మార్చి 16న కాస్మోస్ 1 ఎగిరిన నాటి నుంచి, సోవియట్ ప్రభుత్వం బయటి ప్రపంచానికి అసలు సంగతి చెప్పదలచుకోని ప్రతిదానికీ, అంటే శత్రుదేశాల ఫొటోలు తీసేదానికీ, నౌకలకు దారి చూపేదానికీ, శుక్రగ్రహానికి బయలుదేరి భూకక్ష్యలోనే చిక్కుకుపోయిన నౌకకు కూడా, ఇదే పేరు తగిలించి పక్కన ఒక వరుస సంఖ్య వేసేవారు. అధికారిక ప్రకటనలో కక్ష్య ఎత్తు, వంపు కోణం, ఒక చుట్టుకు పట్టే సమయం ఉండేవి. ప్రయోజనం మాత్రం అంతరిక్ష పరిశోధన అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. ఆ కొద్దిపాటి అంకెల నుంచే అసలు సంగతి కూపీ లాగినవారు ఉన్నారు. ఇంగ్లాండ్‌లోని కెటరింగ్ పట్టణంలో జెఫ్రీ పెరీ అనే పాఠశాల ఉపాధ్యాయుడు తన విద్యార్థులను కూర్చోబెట్టుకుని, మామూలు రేడియో రిసీవర్‌తో ఈ ఉపగ్రహాల సంకేతాలు వింటూ, వాటి దారులను లెక్కగట్టి, ప్లెసెట్స్క్ అనే రహస్య ప్రయోగ కేంద్రం ఒకటి ఉందని 1966లో బయటపెట్టారు. మీరు యాప్‌లో చూసిన ఉపగ్రహం ఎగిరింది కూడా ఆ ప్లెసెట్స్క్ నుంచే.

కాస్మోస్ 2143 అసలు పేరు స్ట్రెలా-1ఎమ్. రష్యన్ భాషలో స్ట్రెలా అంటే బాణం. ఈ శ్రేణిని తయారుచేసింది మిఖాయిల్ రెషెత్నెవ్ నాయకత్వంలోని రూపకల్పన సంస్థ. అది సైబీరియాలో క్రాస్నోయార్స్క్-26 అనే, పటాల్లో చూపని, బయటివారిని రానివ్వని నగరంలో ఉండేది. ఇప్పుడు ఆ ఊరి పేరు జెలెజ్నోగోర్స్క్. తొలి స్ట్రెలా ఉపగ్రహాలు మూడు, కాస్మోస్ 38, 39, 40 అనే పేర్లతో 1964 ఆగస్టు 18న ఎగిరాయి. తరువాత రూపం మార్చుకున్న స్ట్రెలా-1ఎమ్ రకం 1970 ఏప్రిల్ 25న మొదలైంది. ఆ రోజు ఒకే రాకెట్‌పై ఎనిమిది ఉపగ్రహాలు వెళ్లాయి, అవే కాస్మోస్ 336 నుంచి 343 వరకు ఉన్నవి. అప్పటి నుంచి 1992 వరకు ప్రతిసారీ అదే పద్ధతి, ఎనిమిదేసి చొప్పున, మొత్తం 350కి పైగా ఉపగ్రహాలు ఒకే అచ్చులో పోసినట్లుగా వెళ్లాయి. మీరు చూసిన 2143 నుంచి 2150 వరకు ఎనిమిదీ 1991 మే 16న ఎగిరిన ఒక కాన్పు పిల్లలు. ఆ ఏడాది డిసెంబరు చివరికల్లా వాటిని పంపిన దేశమే లేకుండా పోయింది.

ఒక్కొక్కటి ఎంత ఉంటుందో ఊహించుకోవడానికి పెద్ద కొలతలేమీ అక్కర్లేదు. ఇంచుమించు గోళాకారం, మీటరుకు లోపే వెడల్పు, దాదాపు 60 కిలోల బరువు, ఒళ్లంతా అతికించిన సౌర ఘటాలు, అంతే. దానికి ఇంజను లేదు, ఇంధనం లేదు, కక్ష్యలో తన స్థానాన్ని సరిదిద్దుకునే ఏర్పాటు లేదు. రాకెట్ చివరి దశ ఎక్కడ వదిలితే అక్కడే తిరుగుతుంది. వదిలేటప్పుడు ఒక్కొక్కదాన్నీ కాస్త తేడా వేగంతో వదిలేవారు కనుక ఒక చుట్టుకు పట్టే సమయం ఒకదానికీ మరొకదానికీ కొద్దిగా తేడాగా ఉండి, కొన్ని వారాల్లో ఎనిమిదీ కక్ష్య పొడవునా తోచిన దూరాల్లో చెల్లాచెదురై, భూమి చుట్టూ ఒక దండలా పరుచుకునేవి. ఇలాంటి దండలు రెండు మూడు ఒకేసారి పైన ఉంటే, భూమ్మీద ఎక్కడున్నా ఏదో ఒకటి తరచూ తలపైకి వస్తుంది. కచ్చితత్వానికి ఖర్చుపెట్టే బదులు సంఖ్యతో పని కానిచ్చుకునే ఆ ఆలోచనలో ఒక మొరటు తెలివి ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

పని చేసే తీరు కూడా తెలుసుకోదగ్గది. ఇది మన ఇంటి డిష్ వైపు కదలకుండా చూస్తూ నిలబడే భూస్థిర ఉపగ్రహం లాంటిది కాదు. దాదాపు 1,500 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా వేగంతో, 115 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది. ఆ ఎత్తు నుంచి దానికి కనిపించే భూభాగం చుట్టూ 4,000 కిలోమీటర్ల మేర ఉంటుంది. మనకు సరిగ్గా తలపై నుంచి పోయినప్పుడు దిగంతం నుంచి దిగంతం దాకా దాటడానికి 20 నిమిషాల పైన పడుతుంది. అలాంటప్పుడు దక్షిణ పసిఫిక్‌లో ఉన్న నౌకకూ మాస్కోకూ మధ్య మాట కలపాలంటే రెండూ ఒకేసారి దాని చూపులో ఉండడం కుదరదు. అందుకని అది పాతకాలపు టపా రన్నరులా పనిచేసేది: ఒక చోట సందేశాన్ని అందుకుని దాచుకుంటుంది, తన దారిన తాను పోతూ, గమ్యం మీదికి వచ్చినప్పుడు దాన్ని కిందికి చదివి వినిపిస్తుంది. గంటో రెండు గంటలో ఆలస్యమైనా, సంకేత భాషలో ఉన్న చిన్న సందేశం చేరితే చాలుననుకునే సైనిక, గూఢచార విభాగాలకు ఇది సరిపోయింది. చిన్న రేడియోతోనే, సూటిగా తలపైకి వచ్చిన ఉపగ్రహానికి తక్కువ శక్తితో సందేశం పంపవచ్చు కనుక పంపినవాడి ఉనికి పట్టుబడే అవకాశం కూడా తక్కువ.

ఇక అది పనిచేస్తోందా అన్న ప్రశ్న. లేదు. ఇలాంటి ఉపగ్రహాల పని ఆయుష్షు చాలా తక్కువ. చార్జింగ్, డిశ్చార్జింగ్ దెబ్బకు బ్యాటరీ పోవడంతో మూగబోతాయి. అయితే మూగబోయిన ఉపగ్రహం ఎన్నటికీ పలకదని మాత్రం అనుకోవద్దు. ఇదే ఎత్తులో, అంటే దాదాపు 1,450 కిలోమీటర్ల వద్ద, ఆస్కార్ 7 అనే అమెచ్యూర్ రేడియో ఉపగ్రహం, అంటే సరదాకు రేడియో నడిపే హ్యామ్ ఔత్సాహికులది, తిరుగుతోంది. 1974లో వెళ్లి, బ్యాటరీ లోపల షార్ట్ కావడంతో 1981లో మూగబోయిన ఆ ఉపగ్రహం, 2002 జూన్ 21న ఉన్నట్టుండి మళ్లీ వినిపించింది. షార్టయిన బ్యాటరీ కాలక్రమంలో పూర్తిగా తెగిపోయి, సౌర ఘటాల కరెంటు నేరుగా పరికరాలకు అందసాగిందన్నది వివరణ. ఎండలో ఉన్నంతసేపు పలుకుతుంది, భూమి నీడలోకి వెళ్లగానే ఆరిపోతుంది. హ్యామ్ రేడియో మిత్రులకు ఈ కథ బాగా తెలిసినదే.

అది ఎందుకు పడదన్నది మీ ప్రశ్నలన్నింటిలోకీ ముఖ్యమైనది కనుక దానికి కాస్త తీరిగ్గా జవాబు చెబుతాను. ఉపగ్రహం కింద పడాలంటే దాని వేగాన్ని ఏదో ఒకటి తగ్గించాలి. తక్కువ ఎత్తులో ఆ పని చేసేది పలుచని వాతావరణం. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడే తీరు మనం మెట్లెక్కినట్లు సమంగా ఉండదు; కొన్ని పదుల కిలోమీటర్లకే సగానికి, ఇంకాస్త పైకి పోతే మరో సగానికి అన్నట్లుగా పడిపోతుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని మధ్యమధ్య పైకి నెట్టకపోతే కొద్ది సంవత్సరాల్లోనే దిగివస్తుంది. 1,500 కిలోమీటర్ల దగ్గర గాలి ఎంత తక్కువంటే, సూర్యకాంతి పడి నెట్టే ఒత్తిడిని కూడా దానితో సమానంగా లెక్కలోకి తీసుకోవాల్సి వస్తుంది.

దీనికి మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. స్ట్రెలా-1ఎమ్‌ను మోసిన రాకెట్ పేరు కాస్మోస్-3ఎమ్. ఆర్-14 అనే మధ్యశ్రేణి క్షిపణి నుంచి పుట్టినది. 1975 ఏప్రిల్ 19న మన తొలి ఉపగ్రహం ఆర్యభటను సోవియట్ యూనియన్‌లోని కపుస్తిన్ యార్ నుంచి పైకి తీసుకెళ్లినది కూడా ఈ కాస్మోస్-3ఎమ్ రకమే. తరువాత రెండు భాస్కర ఉపగ్రహాలనూ ఇదే మోసింది. 360 కిలోల ఆర్యభట దాదాపు 600 కిలోమీటర్ల ఎత్తులో తిరిగింది. దానికీ కిందికి దించే ఏర్పాటేమీ లేదు. అయినా 17 సంవత్సరాలు గడిచేసరికి, 1992 ఫిబ్రవరిలో, గాలి రాపిడికి తనంతట తానే దిగివచ్చి కాలిపోయింది. అప్పటికి దాదాపు తొమ్మిది నెలల క్రితమే వెళ్లిన మీ కాస్మోస్ 2143 మాత్రం ఇప్పటికీ వెళ్లిన ఎత్తులోనే ఉంది, వేల సంవత్సరాలు అక్కడే ఉంటుంది. ఒకే రకం రాకెట్, ఒకే పరిస్థితి; మధ్యలో తేడా 900 కిలోమీటర్ల ఎత్తు మాత్రమే.

ఈ రెండింటికీ నడుమ ఉండే ఎత్తుకు మరో ఉదాహరణ చెబుతాను. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి వెళ్లిన మేఘా-ట్రాపిక్స్ ఉపగ్రహం 867 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేది. పని ముగిశాక దాన్ని అలాగే వదిలేస్తే వంద సంవత్సరాలకు పైగా పైనే ఉండేది. అందులో దాదాపు 125 కిలోల ఇంధనం మిగిలి ఉండడంతో ఇస్రో దాని కక్ష్యను అంచెలంచెలుగా తగ్గించుకుంటూ వచ్చి, 2023 మార్చి 7న పసిఫిక్ మహాసముద్రం మీద వాతావరణంలోకి దించింది. ఇంధనమూ ఇంజనూ ఉన్నాయి కనుక అది సాధ్యమైంది. స్ట్రెలా-1ఎమ్‌కు ఆ రెండూ లేవు, ఉన్నా ఈనాడు దాని మాట వినే నియంత్రణ కేంద్రం లేదు.

ఇప్పుడు మీరు చూసిన చుక్క దగ్గరికే వద్దాం. నిజానికి ఆ చుక్క వెనుక ఉన్నది ముక్కలైన ఉపగ్రహం కావచ్చు. 2023 ఆగస్టు చివరలో 1,400 నుంచి 1,600 కిలోమీటర్ల ఎత్తుల మధ్య కొత్తగా ఒక శకలాల గుంపు కనిపించింది. హార్వర్డ్-స్మిత్సోనియన్ కేంద్రానికి చెందిన ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డవెల్ ఆ సంగతిని ప్రకటిస్తూ, ఆ శకలాలకు మూలం కాస్మోస్ 2143 గానీ, దానితోపాటే వెళ్లిన 2145 గానీ అయి ఉండాలని, ఏదో చిన్న శకలం తగిలి ఉండే అవకాశం ఉందని చెప్పారు. అప్పటికి జాబితాకెక్కిన ముక్కలు ఏడు. ఎవరూ పేల్చలేదు, ఎవరూ తాకలేదు. 32 సంవత్సరాలుగా చీకటిలో ఊరికే తిరుగుతున్న వస్తువు ఒకనాడు ముక్కలైంది. యాప్ చూపేది అమెరికా సైన్యం ప్రచురించే కక్ష్యా వివరాల ఆధారంగా వేసిన లెక్క తప్ప ఫొటో కాదు కనుక, ప్రధాన శకలం ఏ సంఖ్యతో జాబితాలో ఉంటే అదే పేరు మీకు కనిపిస్తుంది.

చిన్న శకలం ఒక ఉపగ్రహాన్ని ఎలా పగలగొడుతుందని కొందరు ఆశ్చర్యపోతారు. లెక్క వేసి చూడండి. 10 గ్రాముల లోహపు ముక్క, అంటే రెండు మూడు నాణేల బరువు, సెకనుకు 10 కిలోమీటర్ల సాపేక్ష వేగంతో తగిలితే విడుదలయ్యే శక్తి 5 లక్షల జౌళ్లు. టన్ను బరువున్న కారు గంటకు 114 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దినప్పుడు పుట్టే శక్తి కూడా అంతే. అదంతా చేతి వేలంత చోట విడుదలైతే 60 కిలోల పెట్టె ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు. ఎదురెదురుగా రావడం ఎలా కుదురుతుందంటే, ఇన్ని ఉపగ్రహాలు భూమధ్యరేఖకు 74 డిగ్రీల వంపుతో ఒకే రకం కక్ష్యల్లో ఉన్నా, భూమి నడుము దగ్గరి ఉబ్బు వల్ల వాటి కక్ష్యాతలాలు రోజుకు 1.3 డిగ్రీల చొప్పున పడమరకు జరుగుతుంటాయి. ఎత్తులో ఏ కాస్త తేడా ఉన్నా ఆ జరుగుడులో తేడా వచ్చి, సంవత్సరాలు గడిచేసరికి ఒకే దారిన బయలుదేరినవి అన్ని దిక్కులకూ పరుచుకుంటాయి. ఒకనాటి దండ నేడు ఒక గూడులా అల్లుకుపోయింది, అందులో ప్రతి పోగూ ప్రతి పోగునూ ఎక్కడో ఒకచోట దాటుతుంది.

స్ట్రెలా కుటుంబంలో అందరికీ తెలిసిన ప్రమాదం మరొకటి ఉంది. పెద్దన్న లాంటి స్ట్రెలా-2ఎమ్ రకం దాదాపు 800 కిలోమీటర్ల ఎత్తులో ఒక్కొక్కటిగా వెళ్లేది. బరువు 900 కిలోల ప్రాంతం. 1993 జూన్ 16న, అంటే దేశం రష్యాగా మారాక, అదే సోవియట్ నమూనాతో వెళ్లిన కాస్మోస్ 2251 రెండేళ్లకే పనిచేయడం మానేసింది. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, 789 కిలోమీటర్ల ఎత్తులో, పనిచేస్తున్న ఇరీడియం 33 అనే అమెరికా ఫోన్ ఉపగ్రహాన్ని సెకనుకు 11.7 కిలోమీటర్ల వేగంతో ఢీకొంది. రెండు పూర్తి ఉపగ్రహాలు పొరపాటున ఢీకొన్న మొదటి ఘటన అదే. జాబితాకెక్కిన పెద్ద శకలాలే 2,000 దాటాయి. నాకు అన్నింటికంటే గుర్తుండిపోయింది ఒక చిన్న వివరం: ఆ రోజు ప్రచురితమైన అంచనాల్లో ఆ రెండూ 584 మీటర్ల దూరంలో తప్పుకుంటాయని ఉంది, అంతకంటే దగ్గరగా వచ్చే జంటలు ఆ వారం జాబితాలో ఇంకెన్నో ఉన్నాయి. బహిరంగంగా దొరికే కక్ష్యా వివరాల్లో కిలోమీటరు వరకు పొరపాటు ఉండడం మామూలే కనుక, యాప్‌లో రెండు చుక్కలు దగ్గరికి వచ్చినా దూరంగా పోయినా దాన్ని బట్టి గట్టి నిర్ణయానికి రాకండి.

మన ఉపగ్రహాలకు వీటివల్ల బెడద ఉందా అన్నది మీరు అడగకపోయినా చెప్పాలి. కాస్మోస్ 2143 ఉన్న ఎత్తులో మన ఉపగ్రహాలు లేవు. మన దూరసంవేదన ఉపగ్రహాలు ఎక్కువగా 500 నుంచి 850 కిలోమీటర్ల మధ్య ఉంటాయి, కనుక వాటికి 2251 శకలాలే నిజమైన ఇరుగుపొరుగు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే క్షణాన్ని ఖరారు చేసే ముందు ఆ దారిలో ఏవి అడ్డొస్తాయో లెక్క చూస్తారు. 2023 జులై 14న చంద్రయాన్-3ని 4 సెకన్లు ఆలస్యంగా పంపినదీ, అదే నెల 30న సింగపూర్ డీఎస్-ఎస్‌ఏఆర్ ఉపగ్రహాన్ని మోసిన పీఎస్‌ఎల్‌వీని ఒక నిమిషం ఆపినదీ ఈ లెక్కల వల్లనే.

సోవియట్ సైనిక సమాచార ఉపగ్రహాల్లో మన ఉపగ్రహాలకు మరింత దగ్గరగా మసలేవి భూస్థిర కక్ష్యలోని రాదుగాలు. రాదుగా అంటే ఇంద్రధనుస్సు. మొదటిది 1975 డిసెంబరు 22న వెళ్లింది. 36,000 కిలోమీటర్ల ఎత్తులో గాలి అసలే లేదు కనుక ఇవి పడే ప్రసక్తి లేదు. భూమధ్యరేఖ కచ్చితమైన వృత్తం కాకపోవడం వల్ల, అదుపు తప్పిన భూస్థిర ఉపగ్రహాలు 75 డిగ్రీల తూర్పు రేఖాంశం, 105 డిగ్రీల పడమటి రేఖాంశం అనే రెండు గుంటల్లోకి జారి, గిన్నెలో వేసిన గోలీలా సంవత్సరాల తరబడి అటూ ఇటూ ఊగుతాయి. ఆ మొదటి గుంట సరిగ్గా మన గుమ్మం ముందు ఉంది: వాతావరణ చిత్రాలు పంపే ఇన్సాట్-3డీఆర్, సమాచార ఉపగ్రహం జీశాట్-18 నిలబడే చోటు 74 డిగ్రీల తూర్పు. పైగా చంద్రుడు, సూర్యుడు లాగడం వల్ల పాత ఉపగ్రహాల కక్ష్య 15 డిగ్రీల వరకు ఒరుగుతుంది. అలా ఒరిగినది రోజుకు రెండుసార్లు భూమధ్యరేఖాతలాన్ని దాటేటప్పుడు, అక్కడ నిలకడగా ఉన్న ఉపగ్రహం దృష్టిలో, సెకనుకు 800 మీటర్ల వరకు వేగంతో దూసుకుపోతుంది. కింది కక్ష్యలతో పోలిస్తే ఇది తక్కువ వేగమే అయినా తుపాకీ గుండుకు తీసిపోదు.

ఇక దించడం సంగతి. మొదటి అడ్డంకి చట్టం. 1967 నాటి బాహ్యాంతరిక్ష ఒప్పందం ఎనిమిదో అధికరణ ప్రకారం, నమోదు చేసిన దేశానికే ఆ వస్తువుపై అధికారం ఉంటుంది. పాడైనా, ముక్కలైనా, పాత సముద్ర చట్టంలో మునిగిన ఓడ సరుకును తీసుకున్నట్లుగా దొరికినవాడు తీసుకునే వీలు లేదు. సోవియట్ యూనియన్ హక్కులూ బాధ్యతలూ రష్యాకు సంక్రమించాయి కనుక మాస్కో అనుమతి లేకుండా మరెవరూ దాన్ని ముట్టుకోకూడదు. అందులోనూ అది సైనిక ఉపగ్రహం. నష్టపరిహారం విషయంలో 1972 నాటి ఒప్పందం భూమ్మీద జరిగిన నష్టానికి పూర్తి బాధ్యత మోపుతుంది. 1978 జనవరిలో అణు రియాక్టరుతో సహా కెనడాలో పడిన కాస్మోస్ 954కు సోవియట్ యూనియన్ చివరకు 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించింది. అంతరిక్షంలోనే జరిగిన నష్టానికి మాత్రం ఎదుటివారి తప్పు రుజువు కావాలి. చచ్చిపోయి దారి మార్చుకోలేని ఉపగ్రహం చేసిన తప్పేమిటో రుజువు చేయడం ఎవరి తరం?

చట్టం ఒప్పుకున్నా సరే, దించాల్సిన వాటి జాబితా నా చేతికిస్తే స్ట్రెలా-1ఎమ్‌ను అందులో చేర్చను. ఢీకొన్నప్పుడు ఎన్ని శకలాలు పుడతాయన్నది ప్రధానంగా బరువును బట్టి ఉంటుంది. 60 కిలోల గోళాలు 300కు పైగా ఉన్నా, ఒక్కొక్కదాన్ని పట్టి దించడానికి ఒక్కో ప్రయాణం కావాలి. అదే 840 కిలోమీటర్ల ప్రాంతంలో జెనిత్ రాకెట్ల రెండో దశలు, ఒక్కొక్కటి 8 టన్నులకు పైగా బరువుతో, గుంపుగా తిరుగుతున్నాయి. వాటిలో రెండు ఢీకొంటే 2009 నాటి ప్రమాదం చిన్నదనిపిస్తుంది. డబ్బూ ఇంధనమూ వెచ్చించదలిస్తే అక్కడ వెచ్చించాలి. 1,500 కిలోమీటర్ల గూటిని ఇప్పటికి గమనిస్తూ ఉండడం, అక్కడికి కొత్తవి పంపేవారు తమవాటిని దించుకునే ఏర్పాటుతోనే పంపేలా చూడడం, ఇంతవరకే నేను కోరుకునేది. దానికి 300 కిలోమీటర్ల కింద, 1,200 కిలోమీటర్ల ఎత్తులో ఇంటర్నెట్ అందించే వన్‌వెబ్ ఉపగ్రహాలు ఉన్నాయి, వాటిలో 72 శ్రీహరికోట నుంచే రెండు విడతలుగా వెళ్లాయి. పైనుంచి చిన్న శకలాలు దిగివస్తే ముందు తగిలేది వాటికే కనుక గమనింపు తప్పదు.

కాస్మోస్ 2143ని కంటితో చూడవచ్చా అని మీరు చివర్లో అడిగారు. మీటరు కూడా లేని గోళం, 1,500 కిలోమీటర్ల దూరంలో, మామూలు కంటికి కనబడదు; యాప్ తలపై ఉందని చూపిన సమయంలో మీకు నిజంగా ఏదైనా వెలుగు కనిపించి ఉంటే అది మరొకటి అయి ఉంటుంది. దాని బదులు దాన్ని మోసిన కాస్మోస్-3ఎమ్ రెండో దశను వెతకండి. అది 6 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వ్యాసంతో ఖాళీ ట్యాంకులా ఉంటుంది, యాప్‌లలో 'ఎస్‌ఎల్-8 ఆర్/బి' అనే పేరుతో కనిపిస్తుంది. ఇదే ఎత్తులో ఇలాంటివి పదుల సంఖ్యలో తిరుగుతున్నాయి. అంత ఎత్తులో ఉన్నవాటికి భూమి నీడ ఆలస్యంగా తాకుతుంది కనుక, మన అక్షాంశాల్లో సూర్యాస్తమయం తరువాత రెండు గంటలు దాటినా తలపైన ఎండలోనే ఉంటాయి. ఊరి దీపాలకు దూరంగా వెళ్లి, 7x50 బైనాక్యులర్‌తో యాప్ చెప్పిన నక్షత్రం దగ్గర ఒక నిమిషం ముందు నుంచే గురిపెట్టి ఉంచండి. నక్షత్రాల మధ్య నుంచి నింపాదిగా జరిగే చుక్క ఒకటి కనిపిస్తుంది. కొన్ని దశలు పల్టీలు కొడుతూ ఉంటాయి, అలాంటిదైతే కొన్ని సెకన్లకోసారి మెరిసి మళ్లీ మసకబారుతుంది. రెండు మెరుపుల మధ్య ఎన్ని సెకన్లో రాసి ఉంచుకుని, కొన్ని నెలల తరువాత అదే దశను మళ్లీ చూడండి, ఆ వ్యవధి మారి ఉండవచ్చు.